సురబాయా రుంకుట్‌లో స్టూడియో ఫ్లాట్ కొనొచ్చా? ఏజెంట్ "ఫారినర్లకీ ఓకే" అంటున్నాడు

తణుకు_తమ్ముడు
ఇండోనేషియాలోని సురబాయా వచ్చి రెండేళ్లు దాటింది. రుంకుట్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో (ఇక్కడ అందరూ సియెర్ అంటారు) మెయింటెనెన్స్‌లో పని. కితాస్ (ఇక్కడ ఉండేందుకు పర్మిట్) కంపెనీయే తీసిచ్చింది, ఏటా రెన్యువల్. ఎస్టేట్‌కి పావుగంట దూరంలో అద్దె ఇల్లు, ఏడాదికి 38 జుతా (జుతా అంటే పది లక్షల రుపియా). ఈసారి ఇంటాయన రెండేళ్ల అద్దె ముందే ఇమ్మంటున్నాడు. అంటే 76 జుతా, మన డబ్బుల్లో నాలుగు లక్షలు, ఒక్కసారిగా. నెలనెలా ఇస్తానంటే నేనేదో జోకేసినట్టు నవ్వాడు.

ఈ చిరాకులో ఉండగానే ఒక ఏజెంట్ తగిలాడు. మెర్ రోడ్డు మీద స్టూడియో ఫ్లాట్, 24 చదరపు మీటర్లు, 340 జుతా. పద్దెనిమిది లక్షలన్నమాట. "కాలేజీలు దగ్గర, స్టూడెంట్లు ఎగబడతారు, నెలకి రెండు జుతా అద్దె గ్యారంటీ, ఫారినర్లకీ ఓకే" అంటున్నాడు. మా ఆవిడేమో ఆ డబ్బు తణుకు పంపి స్థలం కొనమంటోంది. ఇక్కడ కొన్నవాళ్లు, కొని బయటపడ్డవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జకార్తా_రిటర్న్
ఓకే అన్నవాడిని ఒక్కటే అడుగు. చేతికి ఏ సర్టిఫికెట్ వస్తుంది, ఎవరి పేరు మీద? దానికి చెప్పే జవాబులోనే అంతా బయటపడుతుంది.

సున్నాల_సుబ్బారావు
34 కోట్ల ఫ్లాట్! నా మొదటి జీతం ఒకటిన్నర కోటి అని ఇంటికి ఫోన్ చేస్తే మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. రూపాయి కాదు నాన్నా, రుపియా అని చెప్పేలోపే ఇద్దరు పెళ్లిళ్ల పేరయ్యలు వచ్చి వెళ్లారు.

తణుకు_తమ్ముడు
@జకార్తా_రిటర్న్ అడిగానన్నా. "ముందు పీపీజేబీ రాసుకుందాం, సర్టిఫికెట్ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు.

నిడదవోలు_నానాజీ
తమ్ముడూ, ఆ ఫ్లాట్ నీ పేరు మీదకి రాదు. పదకొండేళ్లుగా ఇక్కడే ఉన్నాను, మా కంపెనీ గెస్ట్ హౌస్ పని మీద నోటారిస్ (నోటరీ) ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి నేర్చుకున్నది చెబుతున్నా.

ఇక్కడ భూమికి సంబంధించి మూల చట్టం 1960లో వచ్చిన 5వ నంబరు చట్టం. హక్ మిలిక్, అంటే పూర్తి సొంత హక్కు, ఇండోనేషియా పౌరులకే అని 21వ అధికరణంలో ఉంది. మనకి మిగిలేది హక్ పకాయ్, అంటే వాడుకునే హక్కు. 2021 నాటి 18వ నంబరు నియమావళి ప్రకారం మొదట 30 ఏళ్లు, పొడిగింపు 20, ఆ తర్వాత కొత్తగా తీసుకుంటే మరో 30. అదే నియమావళి కొన్ని ప్రాంతాల్లో అపార్ట్‌మెంట్ల మీద విదేశీయులకి ఇంకాస్త వెసులుబాటు ఇచ్చింది. అయితే ఎంత చవకదైనా కొనేయొచ్చు అనుకోకు. ప్రావిన్సుకో కనీస ధర పెట్టారు. తూర్పు జావాలో అపార్ట్‌మెంటుకే అది బిలియన్ దాటుతుంది. నేల మీద ఇల్లయితే ఇంకా చాలా ఎక్కువ. నీ ఫ్లాట్ బిలియన్‌లో మూడో వంతు. మామూలు ఇళ్లని డబ్బున్న బయటివాళ్లు ఎగరేసుకుపోకుండా పెట్టిన నియమం అది. నీకు చూపిస్తున్నది సరిగ్గా అలాంటి ఇల్లే.

ఇక పీపీజేబీ. అది మన అగ్రిమెంట్ ఆఫ్ సేల్ లాంటిది. అసలు రిజిస్ట్రేషన్ అంటే ఏజేబీ, దాన్ని పీపాట్ అనే అధికారం ఉన్న నోటారిస్ ముందు చేయాలి. కొన్నవాడు 5 శాతం పన్ను, అమ్మినవాడు రెండున్నర శాతం కట్టాకే సంతకాలు. నీ విషయంలో ఆ రోజే రాదు. ఏజెంట్ కమిషన్ మాత్రం పీపీజేబీ రోజునే వస్తుంది.

బాలి_బాబ్జీ
మరీ భయపెడుతున్నారు గానీ, నాకు తెలిసిన ఒకాయన బాలిలో డ్రైవర్ పేరు మీద స్థలం తీసుకుని విల్లా కట్టాడు. డ్రైవర్‌తో లోన్ పేపర్లు, పవర్ ఆఫ్ అటార్నీ అన్నీ రాయించుకున్నాడు. ఆరేళ్లయింది, ఏమీ కాలేదు.

నిడదవోలు_నానాజీ
@బాలి_బాబ్జీ అదే చట్టంలో 26వ అధికరణం కూడా చదవమనండి. నేరుగానైనా చాటుగానైనా విదేశీయుడికి హక్ మిలిక్ చేరేలా చేసిన ఒప్పందం చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు వెనక్కి రాదు. మీవాడి ఆస్తి మొత్తం ఆ డ్రైవర్ మంచితనం మీద నిలబడి ఉంది. రేపు డ్రైవర్ పోతే వాళ్ల పిల్లలతో మాట్లాడుకోవాలి.

సున్నాల_సుబ్బారావు
అంటే ఆరేళ్ల నుంచి ఓనర్ డ్రైవర్‌కి డ్రైవర్‌గా ఉన్నాడన్నమాట.

బాలి_బాబ్జీ
సరే సరే. అందరూ చేస్తున్నారని చెప్పానంతే.

ప్లాస్టిక్_పళ్లు
నా హ్యాండిల్ వెనక కథ చెప్పే టైమొచ్చింది. మా ఆవిడ ఇక్కడి మనిషి, కాబట్టి పేరు సమస్య మాకు లేదు. 2016లో తూర్పు వైపే ఒక టవర్‌లో ఫ్లాట్ బుక్ చేశాం. బిల్డర్ పేరు వద్దు. షోరూమ్‌లో మాదిరి ఫ్లాట్ చూపించారు. తెల్ల సోఫా, గాజు బల్ల, బల్ల మీద గిన్నెలో ప్లాస్టిక్ ఆపిల్స్. మూడేళ్లు నెలనెలా కట్టాం. టవర్ తొమ్మిదో అంతస్తు దగ్గర ఆగింది. ఆ తర్వాత కోర్టు, అప్పులవాళ్ల మీటింగులు, మేం క్యూలో ఎక్కడో చివర. బ్యాంకులకి తాకట్టు ఉంది, మాకున్నది పీపీజేబీ కాగితం.

మొన్న పండక్కి అటు వెళ్తే ఆగి చూశా. షోరూమ్ అద్దాలకి దుమ్ము పట్టింది, లోపల సోఫా లేదు. బల్ల ఉంది, ఆపిల్స్ ఉన్నాయి. ఒక్కటి కూడా రంగు మారలేదు.

తమ్ముడూ, కొనే అర్హత ఉన్నవాళ్లే ఇలా ఇరుక్కున్నారు. అర్హతే లేని నీకెందుకు?

తణుకు_తమ్ముడు
అయ్యో అన్నా. ఎంత పోయింది?

ప్లాస్టిక్_పళ్లు
190 జుతా. మా అత్తగారు ఇప్పటికీ భోజనాల దగ్గర ఆపిల్ కోసి నా కంచంలో పెడతారు, కావాలనే.

కెపుతిహ్_అల్లుడు
అందరూ ఏడుపు కథలే చెబుతున్నారు, నాది కొంచెం వేరే. మాది విశాఖ గాజువాక, పెళ్లి సురబాయా అమ్మాయితో. ఐటీఎస్ యూనివర్సిటీ పక్కన కెపుతిహ్‌లో మాకు పది గదుల కోస్ ఉంది. తెలియనివాళ్లకి: కోస్ అంటే స్టూడెంట్లకి గది అద్దెకిచ్చే ఇల్లు, మన అమీర్‌పేట హాస్టల్‌కి కొంచెం పెద్దమనిషి తరహా. గదికి మంచం, బీరువా, వైఫై. నెలకి 900 వేల నుంచి, ఏసీ ఉంటే జుతాన్నర. ఫ్లాట్ కన్నా చాలా నయం, ఎందుకంటే కింద నేల మనది. అంటే, మా ఆవిడది.

ఆ "మా ఆవిడది" అన్న మాటలోనే ఇంకో మెలిక. ఇక్కడి అమ్మాయి విదేశీయుడిని చేసుకుంటే, పెళ్లయ్యాక కొన్న ఆస్తి ఇద్దరిదీ అవుతుంది. సగం విదేశీయుడిది కాబట్టి హక్ మిలిక్ పనికిరాదంటారు. ఆస్తులు వేరువేరు అని ఒప్పందం ఉంటే తప్ప. మొదట్లో ఆ ఒప్పందం పెళ్లికి ముందే రాసుకోవాలనేవారు. 2016లో రాజ్యాంగ కోర్టు తీర్పు వచ్చాక పెళ్లయ్యాక కూడా రాసుకోవచ్చు. మేం అలా రాసుకున్నవాళ్లమే. సంతకం పెట్టిన రోజు నోటారిస్ మా ఇద్దరినీ చూసి "ఇది విడాకుల కాగితం కాదు" అని రెండుసార్లు చెప్పింది, నా మొహం అలా ఉందేమో.

ఇక సంపాదన గురించి నిజం. సెమిస్టర్ సెలవుల్లో సగం ఖాళీ. 2020లో కాలేజీలు ఆన్‌లైన్ అయ్యాక పది గదుల్లో ఇద్దరే మిగిలారు, ఏడాదిన్నర పాటు. మోటార్ కాలుతుంది, ట్యాంక్ పొంగుతుంది, ఎవరో రైస్ కుక్కర్ రెండోది పెడితే ట్రిప్ అయ్యి అందరి కరెంటూ పోతుంది. రాత్రి పదకొండుకి ఫోన్ వచ్చేది మా ఆవిడకి, నిచ్చెన ఎక్కేది నేను.

గుంటూరు_గంగాధరం
@కెపుతిహ్_అల్లుడు కెపుతిహ్ అంటే ఊరి చెత్త అంతా పోసిన చోటు కదా? వాసన రాదా?

కెపుతిహ్_అల్లుడు
2001లోనే డంపింగ్ యార్డ్ మూసేశారు. ఇప్పుడక్కడ పార్కు, పూలమొక్కలు, ఆదివారం పెళ్లి ఫొటోల వాళ్లు. చెత్త బెనోవోకి పోతుంది, పడమర వైపు. అక్కడ చెత్తతో కరెంటు తీసే ప్లాంటు 2021లో మొదలుపెట్టారు.

పడమటి_పద్మ
పడమర అనగానే బెనోవో గుర్తొస్తుందా? మేం సిత్రాలాండ్ వైపు ఉంటాం. వెడల్పు రోడ్లు, చెట్లు, పిల్లలకి ఇంటర్నేషనల్ స్కూలు నడిచేంత దూరం. సింగపూర్ ఆఫ్ సురబాయా అని బోర్డులు, సింహం తలతో చేప బొమ్మ కూడా పెట్టారు. ఒప్పుకుంటాను, కాఫీ తాగాలన్నా కారు తీయాలి, పక్కింటివాళ్ల పేరు మూడేళ్లయినా తెలీదు. కానీ రుంకుట్‌లో వానొస్తే చెప్పులు తేలతాయి.

తణుకు_తమ్ముడు
@పడమటి_పద్మ మా వీధిలో చెప్పులే తేలాయక్కా, మంచాలు తేలలేదు. పక్కవీధిలో మాత్రం గోడ మీద మోకాలెత్తున గీత ఉంది.

నిడదవోలు_నానాజీ
ఆ గీతని చూడటం నేర్చుకోవాలి. తూర్పు అంచు, వొనొరెజో, గునుంగ్ అన్యార్ వైపు, చాలా భాగం ఒకప్పుడు చేపల చెరువులు. భీమవరం వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు, చెరువు పూడ్చి ఇల్లు కడితే ఏమవుతుందో. నేల మెత్తన, గోడలు బీటలు, వాకిలి ఏటా ఒక వేలంత కిందకి. గునుంగ్ అన్యార్‌లో అయితే చిన్న బురద గుట్టే ఉంది, బుడగలు వస్తుంటాయి. అమ్మేవాడు కొత్త పెయింట్ వేసి చూపిస్తాడు. నువ్వు మాత్రం వీధి చివర కాఫీ బడ్డీలో కూర్చుని పోయిన జనవరిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో అడుగు. చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు.

సిదోఅర్జో_శీను
బురద మాట వచ్చింది కాబట్టి. ఆఫీసు పని మీద పోరోంగ్ మీదుగా వెళ్తుంటాను. 2006 మే 29న అక్కడ గ్యాస్ బావి దగ్గర వేడి బురద ఎగజిమ్మింది, ఊళ్లకి ఊళ్లు మునిగాయి, ఇంకా వస్తూనే ఉంది. కట్ట ఎక్కితే బూడిద రంగు మైదానం, మధ్యలో ఆవిరి. కొందరికి పరిహారం చేతికి రావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. అక్కడ టికెట్ లాంటిది తీసుకుని చూపించే మోటార్‌సైకిల్ వాడు నాతో అన్నాడు, "మా ఇల్లు సరిగ్గా మీరు చూస్తున్న చోట, కింద" అని.

వాస్తు_వరలక్ష్మి
ఇక్కడ ఇంటి బేరంలో మనకి బాగా తెలిసిన ఒక సంగతుంది. మన వీధిపోటు ఇంటిని వీళ్లు తుసుక్ సాతే అంటారు. సాతే పుల్ల గుచ్చినట్టు రోడ్డు వచ్చి ఇంటి గుమ్మానికి తగులుతుందని. చైనీస్ ఫెంగ్ షుయ్ భయంతో వాటి ధర తక్కువ. మూల ఇల్లు హుక్ అంటారు, డచ్చివాళ్ల మాట, దాని ధర ఎక్కువ. అపార్ట్‌మెంట్లలో నాలుగో అంతస్తు ఉండదు, 3ఏ ఉంటుంది. మా అమ్మ వచ్చినప్పుడు లిఫ్ట్‌లో నాలుగు వెతికి వెతికి మెట్లెక్కింది.

గుంటూరు_గంగాధరం
వీధిపోటు ఇల్లు అద్దెకి తీసుకుంటే చవకా? అయితే నాకు అడ్రస్ కావాలి.

వాస్తు_వరలక్ష్మి
తీసుకోండి, గుమ్మానికి ఎదురుగా నిమ్మకాయ కట్టండి. మా పక్కింటి చైనీస్ ఆంటీ అద్దం కట్టింది. ఇద్దరం ఒకరి సరంజామా ఒకరు మెచ్చుకున్నాం.

జకార్తా_రిటర్న్
కొనేవాళ్లకి ఇంకో హెచ్చరిక, ఇది సురబాయాలో గట్టిగా ఉన్న సంగతి: సురత్ ఇజో. అంటే పచ్చ కాగితం. నగరపాలక సంస్థ భూమిలో ఇల్లు ఉంటుంది, ఉన్నవాళ్లకి వాడుకునే అనుమతి మాత్రమే, ఏటా రుసుము కట్టాలి. తాతల నాటి నుంచి ఉంటున్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, భూమి మాకే రాసివ్వండని ఏళ్ల తరబడి పోరాడుతున్నారు. ఊరి నడిబొడ్డున, గుబెంగ్ లాంటి చోట ఇల్లు అనుమానం వచ్చేంత చవక అంటే ముందు కాగితం రంగు అడగండి. మన అసైన్డ్ భూమి అమ్మకాలు గుర్తు తెచ్చుకోండి చాలు.

రూపాయి_రంగడు
అసలు రుపియాలో డబ్బు పెట్టడమే తప్పు. 1997 మధ్యలో 2,400 ఉన్న డాలర్ మరుసటి ఏడాది 16,000 తాకింది. మళ్లీ రాదని ఎవరన్నా రాసిస్తారా?

సత్తెనపల్లి_సీఏ
@రూపాయి_రంగడు డాలర్‌తో పోలిస్తే నిజమే. తమ్ముడు జీతం రుపియా, చివరికి ఖర్చు రూపాయి. ఆ రెంటినీ పోల్చండి. 2010లో డాలర్‌కి 9,000 రుపియా, 45 రూపాయలు, దగ్గర దగ్గరగా. అంటే రూపాయికి 200. 2024లో 16,000, 84. అంటే రూపాయికి 190. ఇద్దరం కలిసే మెట్లు దిగాం, చెయ్యి పట్టుకుని.

ఏమీ కొనకుండా ఇక్కడే ఉంచాలంటే బ్యాంకు దెపోసితో, అంటే మన ఫిక్స్‌డ్ డిపాజిట్. వడ్డీ మీద 20 శాతం పన్ను అక్కడికక్కడే కోస్తారు. ఒక్కో బ్యాంకులో 2 బిలియన్ల వరకు ఎల్‌పీఎస్ (ప్రభుత్వ డిపాజిట్ బీమా సంస్థ) హామీ. అయితే ఎల్‌పీఎస్ చెప్పిన రేటు కంటే ఎక్కువ వడ్డీ తీసుకుంటే ఆ హామీ వర్తించదు. ఎక్కువ వడ్డీ ఆశ చూపే మేనేజర్ ఆ ముక్క చెప్పడు.

ఇంకోటి. తిరిగి ఇండియా వచ్చి రెసిడెంట్ అయ్యాక ఇక్కడి ఖాతాలు, ఆస్తులు రిటర్న్‌లో ఫారిన్ అసెట్స్ షెడ్యూల్‌లో చూపించాలి. ఇల్లు దాచి దొరికితే పెనాల్టీయే పది లక్షలు. నీ ఫ్లాట్ ధరలో సగం పైనే.

తణుకు_తమ్ముడు
అయిపోయింది, ఫ్లాట్ వద్దు. మరి ఈ రెండేళ్ల అద్దె సంగతి ఏం చేయాలి? నాలుగు లక్షలు ఇచ్చాక కంపెనీ నన్ను జకార్తా పొమ్మంటే?

కెపుతిహ్_అల్లుడు
ఏడాదిది ముందే ఇవ్వడం ఇక్కడ మామూలే, దాని మీద గొడవ పడకు. రెండేళ్లు అంటే మాత్రం ధర తగ్గించమను, లేదా మధ్యలో వెళ్తే మిగతాది వెనక్కి ఇచ్చేలా రాయించు. అద్దె మీద 10 శాతం పన్ను ఎవరు కడతారో కూడా రాయించు, కంపెనీ పేరు మీద అయితే అది తప్పకుండా వస్తుంది. ఇల్లు బాగుచేయించే ఖర్చు ఎవరిదో రాయి. కరెంటు మీటర్ టోకెన్‌దా (ముందే డబ్బు వేసుకునేది) బిల్లుదా, ఎన్ని వీఏ (ఎంత లోడు మోస్తుంది) అని చూడు. 1300 అయితే ఏసీ, మోటార్, మిక్సీ కలిసి బతకవు.

సున్నాల_సుబ్బారావు
టోకెన్ మీటర్ ఇల్లు అయితే రాత్రి రెండింటికి బీప్ బీప్ అని ఏడుస్తుంది, వీధంతా లేస్తుంది. అప్పుడు పక్కింటివాళ్ల పేర్లు తెలుస్తాయి. పద్మగారికి కూడా ఒకటి పెట్టించాలి.

పడమటి_పద్మ
అక్కర్లేదు బాబూ.

రుంకుట్_రాధ
నేను రుంకుట్‌లోనే ఏడేళ్లు. కొనడం తెలీదు గానీ ఉండటం తెలుసు. ఎర్‌తే అంటే మన వీధి పెద్ద. దిగిన వారంలో పాస్‌పోర్ట్ కాపీ ఇచ్చి పలకరించు, నెల చందా కట్టు, నెలకో ఆదివారం కాలవ శుభ్రం చేసే పనికి మొహం చూపించు. రాత్రి వీధి గేటు తాళం వేస్తారు, కాపలా తాతకి నీ బండి శబ్దం తెలిసేలా ఉండాలి.

వంట: కందిపప్పు ఊరి నుంచి తెచ్చుకోవాల్సిందే, కరివేపాకు మొక్క పెంచుకో. కూరల్లో తెరాసి, అంటే రొయ్యల ముద్ద, చెప్పకుండానే పడుతుంది, శాకాహారులు ముందే చెప్పాలి. రుజాక్ చింగుర్ పళ్ల సలాడ్ అనుకుని తిని మా అత్తగారు సగం ప్లేటు అయ్యాక అడిగింది ఈ మెత్తటి ముక్క ఏమిటని. ఆవు మూతి.

మునగ చెట్లు మాత్రం కంచెలకి బోలెడు. ఎవరూ కొయ్యరు. మొదటిసారి నేను ఆకు దూస్తుంటే పక్కింటి ఇబు పరుగున వచ్చి ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగింది. జావావాళ్లు శవానికి స్నానం చేయించే నీళ్లలో ఆ ఆకు వేస్తారట, దయ్యాలు వదిలించడానికీ అదే. పప్పులో వేస్తానంటే నమ్మలేదు. వీధి చివర కూరగాయల బండి మదురా దీవి ఆవిడ మాత్రం నవ్వింది, వాళ్లు పులుసులో వండుకుంటారు.

గుంటూరు_గంగాధరం
మునగాకు ఫ్రీ అంటే ఇక ఏజెంట్‌ని వదిలేసి ఈ అక్కని పట్టుకో తమ్ముడూ.

తణుకు_తమ్ముడు
అప్‌డేట్. ఇంటాయనతో కూర్చున్నా. ఏడాదికే ఒప్పుకున్నాడు, 39 జుతా, జుతా పెంచాడు. మధ్యలో బదిలీ అయితే మూడు నెలలు కోసుకుని మిగతాది ఇస్తాడట, కాగితం మీద రాశాం, మెతెరై స్టాంపు అంటించి సంతకాలు. మీటర్ 2200, బిల్లుది. ఎర్‌తే గారిని సాక్షిగా పిలిస్తే కాఫీ తాగి, నా బండి సైలెన్సర్ గురించి పది నిమిషాలు క్లాసు పీకాడు.

నోటారిస్ దగ్గర నా పేరు మీద ఏజేబీ చేయిస్తేనే డబ్బిస్తానని ఏజెంట్‌కి మెసేజ్ పెట్టా. చదివినట్టు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు.

జకార్తా_రిటర్న్
రాదు.

ప్లాస్టిక్_పళ్లు
మిగిలిన డబ్బు తణుకా, దెపోసితోనా?

తణుకు_తమ్ముడు
ఆరు నెలలకి దెపోసితో వేశా. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. @రుంకుట్_రాధ అక్కా, ఆ మునగ చెట్టు ఏ వీధిలో?